లిస్బన్‌లో 106 కొట్టాం సరే, దాంతో తేలిందేంటి?

డబ్లిన్_రిటర్న్ (2025 జులై 13, ఆదివారం ఉదయం)
నిన్నటి రగ్బీ మ్యాచ్: పోర్చుగల్ 7, మన ఐర్లాండ్ 106. పదహారు ట్రైలు (బంతిని ఎదుటి గీత అవతల నేలకి ఆనిస్తే ట్రై). మనవాళ్ళు వంద దాటడం ఇదే మొదలు. 2000లో అమెరికా మీద కొట్టిన 83–3 ఇన్నేళ్ళూ రికార్డుగా ఉండిపోయింది. అదీ ఏ జట్టుతో? లయన్స్ (బ్రిటన్, ఐర్లాండ్ ఉమ్మడి జట్టు) తొలి ఎంపికలోనే పదిహేను మంది పోయారు, కెప్టెన్ డోరిస్‌కి భుజం దెబ్బ, కోచ్‌లు ఫారెల్, ఈస్టర్‌బీ, సెక్స్‌టన్ అందరూ లయన్స్‌తో ఆస్ట్రేలియాలో. కోచ్ కుర్చీలో పాల్ ఓకానెల్.
నేను అడిగేవి రెండే. ఈ కుర్రాళ్ళలో నవంబర్‌లో చికాగోలో న్యూజిలాండ్ ముందు నిలబడేది ఎవరు? ఆట నడిపే 10 నంబర్ చొక్కా ప్రెండర్‌గాస్ట్‌దా, క్రౌలీదా? దయచేసి టాపిక్ మీదే ఉండండి.

అనంతపురం_ప్రాప్
ఏమప్పా, నూటారు నూటారని ఎగుర్తాండారు గానీ, అసలు మ్యాచ్ ముందు వారమే తిబిలిసీలో అయిపోయె. 34–5. వాన, చేతిలో నిలవని బంతి, ఎదురుగా జార్జియా స్క్రమ్ (రెండు జట్ల ముందోళ్ళు తలలు దూర్చి ఒకరినొకరు నెట్టుకునేది). ఆ స్క్రమ్ అంటే ఏందో వేల్స్‌ని అడగండి, 2022లో కార్డిఫ్‌లో, సొంత గడ్డ మీద 13–12తో ఓడిపోయినారు. మనకే 2007 వరల్డ్ కప్‌లో బోర్డోలో పానం మీదికొచ్చింది, 14–10తో బయటపడినాం. అప్పుడు ఓడ్రిస్కోల్, ఓకానెల్ ఇద్దరూ ఉన్నారు జట్టులో! ఇప్పుడు పోర్టర్, ఫర్లాంగ్, షీహన్, కెలెహర్, బీలమ్ ఒక్కరూ లేరు. ముందు వరస మొత్తం కొత్తగా కట్టుకుని 29 పాయింట్ల తేడాతో గెలిచినారు. నేను స్క్రమ్ ముందు వరసలో ప్రాప్‌గా ఆడినోన్ని, మెడ ఇప్పటికీ పూర్తిగా తిరగదు, నాకు తెలుసు దాని కష్టం. వింగర్లు పదహారు ట్రైలు లెక్కబెట్టుకుంటా కూచోండి.

సిల్క్‌బోర్డ్_బాధితుడు
మీరంతా ఎక్కడ చూశారో ముందు చెప్పండి. నేను డబ్బు కట్టిన యాప్‌లో మ్యాచ్ మొదలయ్యే టైముకి చేపలు పట్టే పోటీ వచ్చింది. కస్టమర్ కేర్ అమ్మాయి "సార్, రగ్బీ అంటే ఫుట్‌బాలేనా" అంది. ఇంతకీ ప్రపంచ ర్యాంకింగ్‌లో ఐర్లాండ్‌కి ఎన్ని పాయింట్లు పెరిగాయి?

కేఆర్‌పురం_వింగర్
ప్రాప్ అన్నా, వింగర్ల మీద ఏడుపెందుకు? మన వింగర్ టామీ ఓబ్రయన్ అదే తిబిలిసీ వానలో, తొలి మ్యాచ్‌లోనే రెండు ట్రైలు పెట్టాడు. అది మాత్రం కనబడదు మీకు. స్క్రమ్‌లో తల దించుకుంటే ఏం కనబడుతుందిలే.
లిస్బన్ సంగతంటారా, పోర్చుగల్ ట్యాకిలింగ్ చూస్తే నవ్వొచ్చింది. మా ఊళ్ళో సంక్రాంతికి కబడ్డీ ఆడే పిల్లలు నయం. పట్టుకోవడానికొచ్చి చొక్కా సర్ది పంపించారు.

కూత_ఆపని_రైడర్
ఏది బాగోకపోయినా కబడ్డీతో పోల్చడం ఎందుకండీ? నేను యూనివర్సిటీ జట్టుకి లెఫ్ట్ కార్నర్ ఆడాను. సరిగ్గా పట్టిన యాంకిల్ హోల్డ్ నుంచి మీ ఐర్లాండ్ వింగర్ ఒక్కడు తప్పించుకుంటే అడగండి. మీ ఆటలో సగం మంది పైన కౌగిలించుకోడానికి పోతారు, కార్డు తింటారు. మేం చీలమండ పడతాం. పని అయిపోతుంది.

కేఆర్‌పురం_వింగర్
కౌగిలింతా! వంద కిలోల మనిషి ముప్పై గజాల నుంచి పరిగెత్తుకుంటూ వస్తే చీలమండ దగ్గర తల పెట్టి చూడు తమ్ముడూ. కబడ్డీలో ఒక్కణ్ణి ఏడుగురు పడతారు, వాడూ ఊపిరి బిగబట్టి ఉంటాడు.

కూత_ఆపని_రైడర్
ఏడుగురు పడితే ఏం, గీత తాకితే అందరూ అవుట్. మీ దగ్గర పదిహేను మంది ఉండి నూటారు ఇచ్చారు కదా. తమ్ముడూ అనకండి, నాకు నలభై దాటాయి.

అనంతపురం_ప్రాప్
చీలమండ పట్టడం రగ్బీలో తప్పేం కాదప్పా. చేతులు చుట్టి పట్టాల, భుజం పైకి పోగూడదు, అంతే. రైడర్ చెప్పేదాంట్లో న్యాయం ఉండాది. గానీ పడగొట్టినాక ఏం చేస్తావు? కబడ్డీలో విజిల్ కొట్టి లేస్తారు. ఇక్కడ ఆడు కిందపడి బంతి వెనక్కి పెడతాడు, నువ్వు లేసి మళ్ళా నిలబడేలోపల ఇంకోడు వచ్చేస్తాడు. పోర్చుగల్ ఓడింది ఆడ. పట్టడంలో కాదు, పట్టినాక.

గచ్చిబౌలి_టు_బెళ్ళందూర్
గీ లొల్లి ఏందన్నా? కబడ్డీ ముచ్చట అయితే నేనొస్త. తెలుగు టైటాన్స్‌కి పవన్ సెహ్రావత్‌ని 2.605 కోట్లు పెట్టి కొన్నరు. ఆ సీజన్ల అట్టడుగున పడ్డం. బెంగళూరోళ్ళు గదే పవన్‌తోని కప్పు కొట్టిన్రు. నా బాధ ఎవలికి చెప్పాలె?

డబ్లిన్_రిటర్న్
అన్నా, టాపిక్. ప్రెండర్‌గాస్ట్, క్రౌలీ. ఎవరైనా?

విజిల్_పట్టినవాడు
నేను లెవల్ 1 రిఫరీ కోర్సు చేసినవాణ్ణి, ఇక్కడ స్కూలు టోర్నమెంట్లకి విజిల్ ఊదుతాను. అందరికీ కలిపి ఒకేసారి చెబుతున్నా.
ర్యాంకింగ్ అడిగిన సిల్క్‌బోర్డ్ గారికి: పెరిగింది సున్నా. నిజంగానే సున్నా. సొంత గడ్డ మీద ఆడే జట్టుకి లెక్కలో 3 పాయింట్లు కలుపుతారు. కలిపాక కూడా రెండు జట్ల తేడా 10 దాటితే, పెద్ద జట్టు గెలిచినందుకు ఏమీ రాదు. ఓడితే మాత్రం తోలు తీస్తారు. 16 పాయింట్ల తేడాతో గెలిచినా, 99 తేడాతో గెలిచినా ఆ లెక్కలో ఒకటే.
ఇంక 106 ఎలా అయింది అంటే, పదిహేను మంది ఆటలో ట్రై ఇచ్చిన జట్టే మళ్ళీ కిక్ఆఫ్ చేయాలి. దెబ్బ తిన్నవాడే బంతిని తీసుకెళ్ళి కొట్టినవాడికి ఇవ్వాలి. ఆ కిక్‌ని గాల్లో అందుకోలేకపోతే బంతి కంటికే కనబడదు. పోర్చుగల్‌కి సెకండాఫ్‌లో జరిగింది అదే. సెవెన్స్‌లో, అంటే ఏడుగురి ఆటలో, ఇది తిరగబడుతుంది, ట్రై కొట్టినవాడే కిక్ఆఫ్ చేస్తాడు.

కేఆర్‌పురం_వింగర్
సెవెన్స్‌లో కూడా ఓడినవాడే కొడతాడు అనుకుంటా.

విజిల్_పట్టినవాడు
మీరు అనుకోండి. రూలు నేను చెప్పిందే.

వేళచ్చేరి_తెలుగోడు
సెవెన్స్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా, పోయిన నెల ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ ఫైనల్ ఎవరు గెలిచారో బెంగళూరు పెద్దమనుషులకి గుర్తుందా? చెన్నై బుల్స్. ఢిల్లీ మీద 41–0. మ్యాచ్ మొత్తం పదహారు నిమిషాలే. మీ బెంగళూరు బ్రేవ్‌హార్ట్స్ ఆ రోజు ఎక్కడున్నారు?

గచ్చిబౌలి_టు_బెళ్ళందూర్
మా హైదరాబాద్ హీరోస్ గురించి ఒక్క ముక్క అనకు అన్నా. లీగ్ పెట్టిందే జీఎంఆర్, మన తెలుగోళ్ళు.

వేళచ్చేరి_తెలుగోడు
లీగ్ పెట్టినవాళ్ళకి కప్పు ఇవ్వరు నాయనా.

అనంతపురం_ప్రాప్
ఫిజీ, న్యూజిలాండ్, ఆస్ట్రేలియా నుంచి ఆటగాళ్ళని తెచ్చుకుని ఊరి పేరు పెట్టుకుంటే గెలిచింది ఊరా? మన దేశపు ఆట అంటే 2019లో మనీలాలో ఆడపిల్లలు సింగపూర్‌ని 21–19తో కొట్టినారు చూడు, అది. పదిహేను మంది ఆటలో మన మహిళల జట్టుకి అదే తొలి గెలుపు. ఎంతమంది చూసినారు మీలో?

పాత_టేపులు
అందరూ లిస్బన్ దగ్గరే ఆగారు, కొంచెం వెనక్కి పోదాం. 1995 వరల్డ్ కప్, బ్లూమ్‌ఫాంటీన్. న్యూజిలాండ్ అప్పటికే క్వార్టర్స్‌కి చేరింది కాబట్టి మెయిన్ జట్టుని కూర్చోబెట్టి రిజర్వు వాళ్ళని దింపింది. జపాన్ మీద 145–17. సైమన్ కుల్‌హేన్ తొలి మ్యాచ్‌లో 45 పాయింట్లు, మార్క్ ఎల్లిస్ ఆరు ట్రైలు. అంత కొట్టిన కుల్‌హేన్‌కి నాకౌట్లలో చోటు రాలేదు, మెయిన్ 10 మెర్టెన్స్ తిరిగొచ్చాడు. బలహీన జట్టు మీద ఎంత కొట్టినా మెయిన్ వాళ్ళు తిరిగొచ్చే రోజు ఒకటుంటుంది. డబ్లిన్ గారు అడిగిన దానికి ఇదే నా జవాబు.
ఇంకోటి. ఆ జపానే 2015లో బ్రైటన్‌లో సౌతాఫ్రికాని 34–32తో ఓడించింది. 2019లో షిజువొకాలో మన ఐర్లాండ్‌నే 19–12తో పడేసింది. పోర్చుగల్‌ని చూసి నవ్వే వింగర్ గారు ఇది రాసిపెట్టుకోవాలి. 2023లో తులూజ్‌లో ఫిజీని 24–23తో కొట్టింది ఈ పోర్చుగలే.

కేఆర్‌పురం_వింగర్
నేను నవ్వింది ట్యాకిలింగ్ చూసి, దేశాన్ని చూసి కాదు. ఫిజీ మీద ఆడినవాళ్ళలో ఎంతమంది నిన్న మైదానంలో ఉన్నారో అదీ చెప్పండి పాత టేపులు గారూ.

పాత_టేపులు
అదేగా నేననేది. వాళ్ళ వైపూ చాలామంది లేరు, మన వైపూ లేరు. ఇద్దరూ సగం జట్లతో ఆడిన మ్యాచ్ నుంచి నవంబర్ జట్టు ఎలా తేలుతుంది? పైగా సగం జట్టుతో గెలిస్తేనే మేలు అనీ లేదు. 1998లో ఇంగ్లండ్ పెద్దవాళ్ళని ఇంట్లో ఉంచి కుర్రాళ్ళని ఆస్ట్రేలియా పంపితే బ్రిస్బేన్‌లో 76–0. ఆ దెబ్బ తిన్న కుర్రాళ్ళలో ఒకడు విల్కిన్‌సన్. 2003 ఫైనల్లో ఆస్ట్రేలియా గడ్డ మీదే డ్రాప్ గోల్ కొట్టి కప్పు పట్టుకెళ్ళాడు.

డబ్లిన్_రిటర్న్
అంటే ఏమంటారు, మనవాళ్ళు ఓడితే బాగుండేదా?

అనంతపురం_ప్రాప్
వంద కొట్టి క్వార్టర్ ఫైనల్లో ఓడిపోయే దానికన్నా బాగుండు. ఒక్కసారన్నా క్వార్టర్స్ దాటినామా మనం? 2023లో కూడా 28–24. అదే న్యూజిలాండ్.

డబ్లిన్_రిటర్న్
పొద్దున్నే పుండు మీద కారం చల్లడం మీకు సరదా. ఆ రాత్రి రాత్‌మైన్స్‌లో నా రూమ్మేట్స్ నలుగురూ ఏడ్చారు, అందులో ఇద్దరు గుంటూరు వాళ్ళు.

కూత_ఆపని_రైడర్
నాకు ఒకటే అర్థం కాలేదు. 90 దాటాక కూడా ప్రతి ట్రైకీ కన్వర్షన్‌కి (ట్రై తర్వాత వచ్చే అదనపు కిక్‌కి) గురి చూసి కొట్టడమేంటి? కబడ్డీలో వరసగా ఆలౌట్ చేశాక మేం బెంచ్ పిల్లల్ని దింపేవాళ్ళం. అది మర్యాద.

విజిల్_పట్టినవాడు
బెంచ్ పిల్లలే ఆడారండీ నిన్న! మొత్తం జట్టే బెంచ్. మొదటిసారి చొక్కా వేసుకున్న కుర్రాడికి "నువ్వు ఇక ఆగు" అని ఎవరు చెబుతారు? వాడికి ఇంకో ఛాన్సు వస్తుందో రాదో. నిదానంగా ఆడితే ఎదుటివాళ్ళకి ఇంకా అవమానం. నా లెక్కలో క్రౌలీ చివరి దాకా బంతిని ఒకే శ్రద్ధతో కొట్టడమే ఈ మ్యాచ్‌లో చూడాల్సింది. ప్రెండర్‌గాస్ట్‌కి తిబిలిసీ వాన, క్రౌలీకి లిస్బన్ పొడి నేల. ఇద్దర్నీ ఒకే త్రాసులో వేయలేం. నాకైతే వానలో ఆడినవాడే ఒక మెట్టు పైన.

డబ్లిన్_రిటర్న్
హమ్మయ్య, ఒక్కరు జవాబిచ్చారు.

కేఆర్‌పురం_వింగర్
తప్పు జవాబు. ట్యాకిల్ చేసే 10 కావాలి. క్రౌలీ. ప్రెండర్‌గాస్ట్ చేతిలో ఇంద్రజాలం ఉంది, భుజంలో లేదు. ఫ్రాన్స్ డబ్లిన్ వచ్చి 42 ఎలా కొట్టిందో మర్చిపోయారా?

అనంతపురం_ప్రాప్
వింగర్ నోట ట్యాకిల్ మాట! నేను కాఫీ తాగొస్తా.

సిల్క్‌బోర్డ్_బాధితుడు
శనివారం లయన్స్ తొలి టెస్ట్ మధ్యాహ్నం మూడున్నరకి. అందరం ఒకచోట చూద్దామా? నా యాప్‌ని నమ్మలేను.

కేఆర్‌పురం_వింగర్
ఇందిరానగర్. మెట్రో పర్పుల్ లైన్ ఎక్కితే వైట్‌ఫీల్డ్ వాళ్ళకీ సుఖమే.

సిల్క్‌బోర్డ్_బాధితుడు
మా ఎల్లో లైన్ ఇంకా తెరవనే లేదు. పొద్దున పది గంటలకి బయల్దేరాలా? హెచ్ఎస్ఆర్‌లో పెట్టండి.

గచ్చిబౌలి_టు_బెళ్ళందూర్
హెచ్ఎస్ఆర్ అయితే నేను నడుచుకుంట వస్త. బిర్యానీ నాది.

కూత_ఆపని_రైడర్
నేనూ వస్తా. యాంకిల్ హోల్డ్ ఎలా పట్టాలో వింగర్ గారికి అక్కడే చూపిస్తాను.

కేఆర్‌పురం_వింగర్
మోకాలి ప్యాడ్లు తెచ్చుకో అన్నా.

వేళచ్చేరి_తెలుగోడు
చెన్నైలో ఎవరైనా ఉన్నారా? ఉంటే మెసేజ్ పెట్టండి, మా ఇంట్లో ప్రొజెక్టర్ ఉంది.