పేరు పొడుగైతే ప్రోగ్రాం పడిపోతోంది, స్ట్రింగ్‌కి ఎంత మెమరీ తీసుకోవాలి?

పాల_లెక్క:
నాన్నగారి పాల ఖాతాల కోసం సి లో చిన్న ప్రోగ్రాం రాస్తున్నాను. 64 బైట్ల అరే పెట్టి, వాక్యాన్ని మెమరీలో రాసే ఎస్‌ప్రింట్‌ఎఫ్‌తో "రవి గారు, బాకీ 450 రూపాయలు" అని నింపితే బాగానే వస్తోంది. వెంకటసుబ్బారావు గారి దగ్గరికి రాగానే "స్టాక్ స్మాషింగ్ డిటెక్టెడ్" అని, అంటే హద్దు దాటి రాశావని, ఆగిపోతోంది. ఏడక్షరాల పేరుకి 64 చాలదా? 500 చేసేస్తే సరిపోతుందా?

గుంటూరు_సి:
500 వద్దండి, రేపు ఇంకో పొడుగు పేరొస్తే మళ్లీ ఇదే గొడవ. యూటీఎఫ్-8 (అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతి) లో తెలుగు కోడ్‌పాయింట్ (యూనికోడ్‌లో ఒక గుర్తు) ఒక్కోటి 3 బైట్లు, గుణింతం, సున్నా, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. వెంకటసుబ్బారావు అంటే 15 కోడ్‌పాయింట్లు, 45 బైట్లు. అదే 450 బాకీతో ఆ వాక్యం 98, స్ట్రింగ్ ముగిసిందని చెప్పే చివరి నల్ బైట్‌తో 99. మీ రవి గారి వాక్యమే నల్‌తో కలిపి 63, అంటే ఆయన బాకీ ఐదంకెలకి వెళ్లినా హద్దు దాటేది! ముందు, సైజు హద్దు కూడా తీసుకునే ఎస్ఎన్‌ప్రింట్‌ఎఫ్‌కి అరే బదులు నల్ పాయింటర్, సైజు 0 ఇచ్చి పిలవండి, ఏమీ రాయకుండా ఎన్ని బైట్లు కావాలో చెప్తుంది (సి99 నుంచి ఇదే పద్ధతి). నెగటివ్ రాలేదని చూసుకుని, దానికి 1 కలిపి మాలక్ చేసి (అంత మెమరీ అడిగి తీసుకుని), అదే సైజుతో మళ్లీ పిలవండి. ఆ 1 మర్చిపోతే చివరి అక్షరం సగంలో తెగుతుంది.

పాత_కోడ్:
దీన్ని సొంత ఫంక్షన్‌లో పెట్టి వీఎస్ఎన్‌ప్రింట్‌ఎఫ్ వాడితే ఒక్కటి గుర్తుంచుకోండి. మొదటిసారి పిలిచాక ఆ వీఏ_లిస్ట్ (ఫంక్షన్‌కి వచ్చిన విలువల జాబితా) ఇక పనికిరాదు, ముందే వీఏ_కాపీ తీసుకోవాలి. పాత 32 బిట్ మెషీన్లలో కాపీ లేకపోయినా నడిచిపోయేది, 64 బిట్ లినక్స్‌కి మార్చాక క్రాష్ అయితే నేను రెండు రోజులు వెతుక్కున్నాను.

హైదరాబాద్_లినక్స్:
లినక్స్ ఒక్కటే అయితే ఏఎస్‌ప్రింట్‌ఎఫ్ ఉంది కదా, కొలవడం, మాలక్ రెండూ అదే చేస్తుంది. హెడర్ల కంటే ముందు _గ్నూ_సోర్స్ డిఫైన్ చేయాలి. 2024 నాటి యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణం పోసిక్స్‌లోకి కూడా వచ్చేసింది. మీరు చూడాల్సింది రిటర్న్ వాల్యూ, పాయింటర్ కాదు. -1 వస్తే పాయింటర్‌లో ఏముందో నమ్మొద్దు. లూప్‌లో అదే పాయింటర్ మళ్లీ ఇస్తే పాత మెమరీ విడుదల కాకుండా మిగిలిపోతుంది (లీక్), ప్రతి ఖాతా అయ్యాక ఫ్రీ చేయండి.

పాల_లెక్క:
ఏఎస్‌ప్రింట్‌ఎఫ్ పెట్టాను, వెంకటసుబ్బారావు గారి చీటీ పూర్తిగా వచ్చింది! లూప్‌లో ఫ్రీ మర్చిపోయింది నిజమే, మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ ఖాతాకొకటి చొప్పున చూపించింది, అదీ సరిచేశాను. చాలా థాంక్స్ అండి.