పాల లెక్కల పుస్తకంలో కథ రాస్తున్నాను. పూర్తి చేసేదెలా?

చేనుగట్టు:
అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే గానీ రాసింది లేదు. మాది వ్యవసాయం. మా ఆయన, నేను, అత్తయ్య, బడికెళ్ళే ఇద్దరు పిల్లలు, నాలుగు పాడి ఆవులు. కథలు రాయాలని పెళ్ళికి ముందు నుంచీ కోరిక.

టైము లేదని కాదు నా బాధ. ఉంటుంది, కాకపోతే ముక్కలు ముక్కలుగా ఉంటుంది. పాల క్యాన్లు పంపాక కాసేపు, మడికి నీళ్ళు పెట్టి గట్టు మీద కూర్చున్నప్పుడు కాసేపు. మడి నిండేదాకా చేసే పనేమీ ఉండదు, అలాగని లేచి ఇంటికి పోవడానికీ లేదు. రాసుకోవడానికి అంతకన్నా మంచి చోటు ఏముంటుంది అనిపిస్తుంది. సరిగ్గా వాక్యం కుదిరే వేళకి ఎక్కడో గట్టు తెగుతుంది. పార పట్టుకుని పరిగెత్తాలి. తిరిగొచ్చి చూస్తే ఆ వాక్యం ఇంకెవరో రాసినట్టు ఉంటుంది.

రాసేది పాల లెక్కల పుస్తకంలోనే. అదెప్పుడూ చేతిలో ఉంటుంది, ఎవరూ ఏంటని అడగరు. నిన్నటి పేజీ ఇలా ఉంది: "ఎర్రావు పొద్దున 6 లీటర్లు, సాయంత్రం 4.5. చుక్కావు వెనక కుడి చన్ను గట్టిగా ఉంది, డాక్టర్ని పిలవాలి. ఆమె తలుపు తీయలేదు, తీస్తే అడగాల్సింది అడిగేస్తాడని." ఆఖరిది కథలోది. మా ఆయన లెక్క చూడబోయి "ఎవరు తలుపు తీయలేదు?" అన్నారు. పక్కింటావిడ అని చెప్పేశా.

ఇంకో సంగతి. కథలో అత్తగారు అచ్చం మా అత్తయ్యలాగే మాట్లాడుతోంది. ఎంత మార్చినా ఆవిడ గొంతే వస్తోంది. రేపు అచ్చయితే ఇంట్లో ఏమవుతుందోనని టెన్షన్. ఇలా ముక్కల్లో రాసినవాళ్ళు, ఇంట్లోవాళ్ళ మీద రాసినవాళ్ళు ఉంటే చెప్పండి.

మంచెమీద:
ముందు ఆ చుక్కావు సంగతి చూడండి, కథ తర్వాత. చన్ను గట్టిపడిందంటే పొదుగువాపు కావచ్చు. మొదటి ధారలు నల్లటి గిన్నెలోకి పిండితే పాలల్లో గడ్డలుంటే కనబడతాయి. ఆ ఆవుని ఆఖర్న పిండండి, చేతులు కడుక్కోకుండా ఇంకో ఆవుని ముట్టుకోవద్దు. ఇంకోటి, పాలు తీశాక ఏ ఆవునీ వెంటనే పడుకోనివ్వకూడదు. చన్ను రంధ్రం మూసుకోవడానికి అరగంట దాకా పడుతుంది. మేత వేస్తే నిలబడే తింటుంది. మీరు ఎలాగూ అక్కడే ఉండాలి కాబట్టి ఆ అరగంట మీదే, రాసుకోండి.

నేను పాలు తీస్తూ కథ నోటితో చెప్పుకుంటాను, ఫోన్లో రికార్డు చేస్తాను. వాయిస్ టైపింగ్ కూడా చూశా గానీ, ఆవు అంబా అంటే దానికి ఏం వినబడుతుందో ఏదో ఒకటి రాసేస్తుంది. పైగా నా ఫోన్లో ఫుల్‌స్టాప్ కూడా పడదు. రాత్రి రికార్డు విని రాసుకోవడమే నయం. లేవాల్సి వచ్చినప్పుడు సీను పూర్తి చేయాలని ఆరాటపడొద్దు, వాక్యం మధ్యలోనే ఆపేయండి. "అతను జేబులోంచి" అని వదిలేస్తే, తిరిగొచ్చినప్పుడు జేబులోంచి ఏం తీశాడో మీ చెయ్యే రాస్తుంది.

లెక్కంటే లెక్కే:
లెక్కల పుస్తకంలో కథలేంటండీ. పాలకేంద్రం వాళ్ళతో తేడా వస్తే ఆ పుస్తకమే చూపించాలి. వేరే నోట్‌బుక్కు కొనుక్కోండి.

మంచెమీద:
వేరే నోట్‌బుక్కు కనబడితే "ఏం రాస్తున్నావ్" అని మొదలవుతుందండీ. మీ ఇంట్లో అడగరేమో. వెనక పేజీల నుంచి రాసుకుంటూ రమ్మనండి, సరిపోతుంది.

పాత సబ్ఎడిటర్:
వారపత్రికలో చాలా ఏళ్ళు కథలు చూసినవాణ్ణి. అత్తయ్యగారి గొంతు మార్చకండి, ఆ గొంతు పోతే కథే పోతుంది. నేను చూసినంతలో మనుషులు తమ మాటతీరు పోల్చుకోరు. తమకు జరిగిన సంగతి పోల్చుకుంటారు. కాబట్టి సంఘటన మార్చండి. మీ ఇంట్లో గొడవ బంగారం మీద జరిగితే కథలో గట్టు మీది చెట్టు కోసం జరగనివ్వండి. ఆవిడకి ఒక్క సీనులోనైనా న్యాయం ఉండేలా చూడండి. పూర్తిగా చెడ్డ అత్తగారు మా టేబుల్ మీదికి కట్టలు కట్టలుగా వచ్చేది.

ఒకే కథని ఒకేసారి రెండు పత్రికలకి పంపొద్దు. సొంత రచన, ఎక్కడా రాలేదు అని హామీ పత్రం జతచేయాలి. ఫేస్‌బుక్‌లో పెట్టినా చాలామంది అచ్చయినట్టే లెక్కేస్తారు.

ఈలోగా వ్యవసాయ పత్రికలకి చిన్న వ్యాసాలు రాయండి. లారా ఇంగాల్స్ వైల్డర్ అని అమెరికాలో ఒక రైతు ఇల్లాలు, 1911 నుంచి ఒక వ్యవసాయ పత్రికకి పొలం గురించి, ఇంటిపనుల గురించి రాస్తూ వచ్చింది. ఆమె మొదటి నవల వచ్చింది 1932లో, 65 ఏళ్ళ వయసులో. మీరు 65 దాకా ఆగమని కాదు! ఆ పొదుగువాపు సంగతే ఒక పేజీ రాసి పంపండి, వేసుకుంటారు.

చేనుగట్టు:
డాక్టరుగారు వచ్చి చూశారు, పొదుగువాపే. మందు వాడినన్నాళ్ళూ, ఆపాక ఆయన చెప్పినన్ని రోజులూ చుక్కావు పాలు క్యాన్లో పోయొద్దన్నారు. మంచెమీద గారూ, మీ మాట విని ఆ రోజే పిలిచాం. రికార్డింగు మా ఇంట్లో కుదరదు, అత్తయ్య కూడా పక్కావు దగ్గరే కూర్చుంటారు. మధ్యలో ఆపడం మాత్రం పనిచేస్తోంది. గొడవ చెట్టు మీదికి మార్చాక కథ నిజంగానే కదిలింది సార్. హామీ పత్రంలో కలం పేరు రాయాలా, అసలు పేరా?

పాత సబ్ఎడిటర్:
హామీ పత్రంలో అసలు పేరు, చిరునామా. కథ మీద కలం పేరు వేయమని ఉత్తరంలో విడిగా రాయండి. సమాధానం మాత్రం త్వరగా రాదు, ఈలోగా రెండో కథ మొదలుపెట్టండి.