అప్‌డేట్: వింటర్ ఏల్ బాటిళ్లు తెరిచాం

చలికాలంలో మాత్రమే దొరికే నా ఫేవరెట్ మసాలా ఏల్‌ని (ఏల్ అంటే ఒక రకం బీరు) ఇంట్లో బ్రూ చేస్తే దాల్చినచెక్క, జాజికాయ ఎప్పుడు వేయాలని ఇంతకుముందు అడిగాను. మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం) రసం మరిగే చివరి 5 నిమిషాల్లో వేయమని కొందరు, వోడ్కాలో నానబెట్టి బాటిళ్లలో నింపేముందు కలపమని కొందరు చెప్పారు.

నేను వోడ్కా పద్ధతే పట్టుకున్నాను. పులిసేటప్పుడు గ్యాస్‌తో పాటు వాసన కూడా కొంత పోతుంది కాబట్టి, మరుగులో వేస్తే చివరికి ఎంత మిగులుతుందో ముందే చెప్పలేం. ఇలా అయితే ఒక గ్లాసు ఏల్‌లో చుక్కలు చుక్కలుగా వేసి రుచి చూసి, ఆ లెక్కన మొత్తానికి పెంచుకోవచ్చు. ఒకేసారి పోసేయకండి, కలిపాక తీసే దారి లేదు. లవంగం జోలికి పోలేదు. అది ఉంటే ఇంకేదీ నాలుకకు తెలియదు! నారింజ తొక్క మాత్రం, లోపలి తెల్లటి చేదు పొర తీసేసి, మరుగులోనే వేశాను.

వాడినవి: మ్యూనిక్, క్రిస్టల్ మాల్ట్‌లు, రంగుకి కాస్త చాక్లెట్ మాల్ట్ (ముదురుగా వేయించిన మాల్టే, చాక్లెట్ కాదు), ఇంగ్లిష్ ఏల్ ఈస్ట్. పులియబెట్టింది 18-19 డిగ్రీల దగ్గర. గ్రావిటీ (నీటితో పోలిస్తే సాంద్రత, చక్కెర ఆల్కహాల్‌గా మారే కొద్దీ తగ్గుతుంది) 1.068 నుంచి 1.016కి దిగింది, అంటే ఆల్కహాల్ దాదాపు 6.8 శాతం. మొదట్లో గొంతులో మంట, మసాలా ఒక పక్క, మాల్ట్ ఒక పక్క. నిల్వ ఉంచిన కొద్దీ రెండూ కలిసిపోయాయి.

కొన్న ఏల్‌నీ నాదాన్నీ పక్కపక్కన పెట్టి తాగితే కొన్నదే ఇంకాస్త చిక్కగా ఉంది. అందుకే ఈసారి మ్యాష్ (మాల్ట్‌ని వేడినీళ్లలో నానబెట్టే దశ) 66 బదులు 68 డిగ్రీల దగ్గర పెడతాను. వాసనలో మాత్రం నాదే నచ్చింది, పక్షపాతం అనుకున్నా సరే.