కువైట్‌కి కొత్తగా వచ్చిన రాజోలు తమ్ముడికి

తమ్ముడూ, మెస్సు ఎక్కడ బావుంటుంది, డబ్బు ఇంటికి ఎలా పంపాలి అని అడిగావు. అవి ఎవరన్నా చెబుతారు. ఇక్కడ జబ్బు చేస్తే ఏంటన్నది మాత్రం ఎవరూ ముందు చెప్పరు. మాది మలికిపురం పక్కన. పదహారేళ్లుగా ఇక్కడ బండి తోలుతున్నాను, అందుకని నేను చెబుతున్నాను.

మా రూములో మన లంక ఊరి అతను ఒకడు ఉండేవాడు, కంపెనీ వీసా, షట్టరింగ్ పని. ఒకరోజు తెల్లారగట్ల లేచి కూర్చోబోయి పక్కకి ఒరిగిపోయాడు. మూతి వంకర పోయింది, కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. 112కి ఫోన్ చేశాం. అంబులెన్సు వాళ్లు రాగానే అడిగింది బతాకా. సివిల్ ఐడీని ఇక్కడ అలాగే అంటారు. అది ఇనప పెట్టెలో ఉంది, పెట్టెకి తాళం. తాళం చెవి ఎక్కడరా అంటే నోట మాట లేదు. ఎడం చేత్తో నడుం మీద కొట్టుకుంటున్నాడు. చూస్తే మొలతాడుకి కట్టుకున్నాడు. చెమటకి ఆ ముడి బిగుసుకుపోయింది. పళ్లతో లాగి విప్పాను.

తర్వాత తెలిసింది, అమలాపురంలో కొనుక్కొచ్చిన బీపీ మాత్రలు అయిపోతున్నాయని రోజు విడిచి రోజు వేసుకున్నాడట. నువ్వు అలా చెయ్యకు.

ఆస్పత్రిలో మనవాడొకడు ప్రేమకొద్దీ నోట్లో చెంచాడు నీళ్లు పోశాడు. పొలమారి కళ్లు తేలేశాడు. మలయాళీ నర్సు పరుగెత్తుకొచ్చి కేకలేసింది. పక్షవాతం వచ్చిన మనిషికి మింగుడు సరిగ్గా ఉందో లేదో డాక్టరు చూసేదాకా నీళ్లు కూడా పొయ్యకూడదట. ఇది గుర్తుపెట్టుకో.

నలభై రోజులు వంతులేసుకున్నాం. పొద్దున బస్సు డ్రైవరు, డ్యూటీ దిగాక బకాలాలో, అంటే కిరాణా కొట్లో, పనిచేసే కుర్రాడు. శుక్రవారం మాత్రం అరబ్బు ఇళ్లలో చేసే మన ఆడవాళ్లు ఇద్దరొచ్చేవారు. వాళ్లకి దొరికేది ఆ ఒక్క పూటే, అది కూడా మంచం పక్కనే గడిపేవారు. డాక్టరు సరేనన్నాక చిక్కటి జావ కాచి తెచ్చింది వాళ్లే. ఇంటికి ఫోన్ చేసే పని నా ఒక్కడికే పెట్టుకున్నాం. పదిమంది పది రకాలుగా చెబితే అక్కడ అతని భార్య ప్రాణం ఏమవుతుంది? మనకీ ఇంటికీ రెండున్నర గంటలు తేడా, అక్కడ దీపాలు పెట్టే వేళకి చేసేవాణ్ణి. ఆవిడ ఏడవకుండా ఫోను పట్టుకుని కాలవ రేవు దాకా నడిచి చూపించేది. రేవు కనపడగానే అతను ఎడం చెయ్యి ఎత్తేవాడు.

కంపెనీ మేనేజరు మూడు రోజులు ఫోనెత్తలేదు. నాలుగో రోజు ఆఫీసుకెళ్లి కూర్చున్నాం. 18 వీసా వాళ్లకి, అంటే ప్రైవేటు కంపెనీ వీసా మీద ఉన్నవాళ్లకి, 2010 నాటి కార్మిక చట్టంలో ఏడాదికి 15 రోజులు పూర్తి జీతంతో జబ్బు సెలవుంది, ఆ తర్వాత ముప్పావు, సగం, పావు జీతంతో పదేసి రోజులు. ఆ సంగతి తెలిసినవాడు పక్కనుంటే మాట తీరే మారిపోతుంది. ఇళ్లలో చేసేవాళ్లది వేరే చట్టం, 2015 నాటిది.

డబ్బు విషయంలో జాగ్రత్త. అనుమతి లేకుండా ఇక్కడ చందాలు వసూలు చెయ్యకూడదు, ఫేస్‌బుక్‌లో అకౌంటు నంబరు అసలు పెట్టకూడదు. మేమెవరమూ వసూలు చెయ్యలేదు. అతన్ని ఎరిగున్నవాళ్లు ఎవరికి వాళ్లు డబ్బు పంపే ఎక్స్చేంజికెళ్లి అతని భార్య అకౌంటుకే పంపారు. స్ట్రెచర్ మీద విమానం ఎక్కించాలంటే ఎన్నో సీట్ల ఖరీదు, తోడు మనిషి, డాక్టరు కాగితం, దానికి విమానం వాళ్ల ఒప్పుదల కావాలి. మన ఎంబసీలో 2009 నుంచి సంక్షేమ నిధి ఉంది. దిక్కులేని స్థితిలో ఉన్నవాళ్లకి దాంట్లోంచి సాయం చేస్తారు, వెళ్లి అడగాలి. 2025 జూలై నుంచి 18 వీసా వాళ్లు దేశం దాటాలంటే కంపెనీ అనుమతి కూడా కావాలి, కాబట్టి కంపెనీతో తెగేదాకా లాగొద్దు.

నువ్వు ఎమిగ్రేషన్ క్లియరెన్సు మీద వచ్చుంటే నీ పేరున ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. రెండేళ్లకి 275 రూపాయలు, మూడేళ్లకి 375, పైన పన్ను. మనవాళ్లు చాలామంది ఆ కాగితం ఏజెంటు దగ్గరే వదిలేసి వస్తారు. ఇవాళే ఫోన్ చేసి తెప్పించుకో.

అతన్ని శంషాబాద్‌లో దింపి, రాత్రంతా అంబులెన్సులో తీసుకెళ్లారు. చించినాడ వంతెన ఎక్కేసరికి తెల్లారిందట. కిటికీ తెర తియ్యమని సైగ చేశాడని తోడెళ్లిన కుర్రాడు చెప్పాడు. ఇప్పుడు కర్ర సాయంతో రేవు దాకా నడుస్తున్నాడు. మాట ఇంకా పూర్తిగా రాలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఫర్వానియాలో మా రూముకి రా, అందరూ ఉంటారు. పాస్‌పోర్టు, బతాకా, బీమా కాగితం రెండేసి జిరాక్సులు తీసి, వెనకాల ఇంటి నంబరూ నువ్వు వాడే మందుల పేర్లూ రాసి తీసుకురా. ఒక సెట్టు నా దగ్గర ఉంచుతాను.