గోదావరి వరద సాయం: ముందు మన సంఘస్థులకా, అందరికీనా? కిట్‌తో ప్రార్థన, కరపత్రం కలపొచ్చా?

పాల్వంచ_యూత్:
అందరికీ వందనాలు. ఏటా గోదావరి పొంగాక చందాలు పోగేసుకుని పరుగెత్తడం, అప్పటికే నలుగురూ ఇచ్చిన బియ్యమే మనమూ ఇచ్చి రావడం అవుతోంది. ఈసారి జూన్‌లోనే సరంజామా సిద్ధం చేసుకోవాలని మా చర్చి సంఘ కమిటీ అనుకుంది. బూర్గంపాడు, కుక్కునూరు, వేలేరుపాడు వైపు ముంపు ఊళ్లు చూస్తున్నాం. చేతిలో రెండు లక్షల దాకా ఉంటాయి. కమిటీ మాత్రం ఒక మాట మీదకు రావడం లేదు.

పెద్దలు కొందరు బైబిల్లో గలతీ 6:10 చూపించి "విశేషముగా విశ్వాసగృహమునకు చేరినవారియెడల" అని ఉంది కాబట్టి ముందు మనవాళ్లకే అంటున్నారు. యవనస్థులు అందరికీ అంటున్నారు. ఇంకొకరు కిట్‌లో కరపత్రం పెట్టి, పంచే ముందు చిన్న ప్రార్థన చేద్దామంటున్నారు. "సువార్త చెప్పకపోతే మనకూ లయన్స్ క్లబ్బుకూ తేడా ఏముంది?" అని ఆయన ప్రశ్న. డాలస్‌లో ఉన్న సంఘస్థుల పిల్లలు డబ్బు పంపుతామంటున్నారు, తీసుకోవచ్చా? అసలు కిట్‌లో ఏం పెట్టాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

గుండ్లకమ్మ_ఒడ్డు:
కరపత్రం సంగతి ముందు చెప్తాను. దానికి జవాబు మన తెలుగు నేల మీదే ఉంది. 1876–78 ధాత కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలాది మందికి కూలి పని చూపించాడు. బాప్తిస్మం ఇవ్వమని అడిగేవాళ్లు గుంపులుగా వస్తున్నా, కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. ఆపింది నెలా రెండు నెలలు కాదు, ఏడాదికి పైనే. పంచడం అయిపోయాక, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంత జాగ్రత్తపడినా "కూటి కోసం కలిశారు" అనే నింద ఆ తరాన్ని వదల్లేదు. జాగ్రత్తే లేకపోతే ఏమయ్యేదో మీ పెద్దలే ఊహించుకోవాలి.

ఇప్పటి నియమం కూడా బయటివాళ్లు మన మీద రుద్దింది కాదు. విపత్తు సాయానికి 1994లో రెడ్‌క్రాస్, స్వచ్ఛంద సంస్థలు కలిసి పది సూత్రాల ప్రవర్తనా నియమావళి రాసుకున్నాయి. దాన్ని తయారుచేసిన సంస్థల్లో ప్రపంచ సంఘాల మండలి, లూథరన్ వరల్డ్ ఫెడరేషన్, కారితాస్ లాంటి క్రైస్తవ సంస్థలే ఉన్నాయి. జాతి, మతం, దేశం చూడకుండా అవసరాన్ని బట్టే సాయం ఇవ్వాలంటుంది రెండో సూత్రం. సాయాన్ని ఏ మత, రాజకీయ వైఖరినీ ముందుకు నెట్టడానికి వాడకూడదంటుంది మూడోది. సంఘాలు తమకు తామే పెట్టుకున్న కట్టుబాటు ఇది.

కాబట్టి వరుస దగ్గర కరపత్రం వద్దు, మైకులో ప్రార్థన వద్దు. నీళ్లలో ఇల్లు పోగొట్టుకున్న మనిషి "వద్దు" అనగలిగే స్థితిలో ఉండడు. వద్దనే వీలు లేనివాడికి వినిపిస్తే అది సువార్త అవదు. ప్రార్థన బయల్దేరే ముందు మన గుడిలో (చర్చిలో) చేసుకోండి. అందులో ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ, ఒడిశాలోని మల్కన్‌గిరి ఊళ్లను కూడా తలచుకోండి. భద్రాచలం దగ్గరికి ఇంద్రావతి నీళ్లు, కూనవరం దగ్గరికి శబరి నీళ్లు వచ్చేది ఆ కొండల నుంచే. అక్కడివాళ్లు మనకంటే ముందే మునుగుతారు.

గలతీ వచనం సంగతి. అదే వచనంలో ముందు "అందరియెడలను" అని ఉంది. రెండు మాటలూ నిలబడాలంటే డబ్బు రెండుగా విడదీయండి. సంఘస్థుల కష్టానికి వారం వారం కానుకల్లోంచి బీదల నిధి ఉంటుంది, అది వాడండి. "వరద బాధితుల కోసం" అని చెప్పి వసూలు చేసింది మాత్రం వరద బాధితులందరిదీ. ఈ రెండూ ఒకే పెట్టెలో పడితే గొడవ తప్పదు.

వార్డ్_సిస్టర్:
కిట్ గురించి. మొదటి మూడు రోజులకూ ఆ తర్వాతకూ అవసరాలు వేరు. పొయ్యి తడిసి, కట్టెలు నాని ఉన్న ఇంటికి బియ్యం ఇస్తే మూట విప్పరు కూడా. మొదట్లో అటుకులు, మరమరాలు, వేయించిన శనగలు, బెల్లం, బిస్కెట్లు. వండినది పంపాలంటే పులిహోర ఒక్కటే కాస్త ఆగుతుంది. సాంబారన్నం, పెరుగన్నం వేడివేడిగా కవర్లో కట్టి ట్రాక్టరెక్కిస్తే చేరేసరికి బంకసాగుతుంది. పులిహోరైనా చల్లార్చి కట్టండి, వండిన నాలుగు గంటల్లో తినేలా చూడండి.

నీళ్లు తీశాక, నలుగురున్న ఇంటికి వారానికి 12 కిలోల బియ్యం, 2 కిలోల పప్పు, లీటరు నూనె, కిలో చక్కెర, ఉప్పు, కారం. మనిషికి రోజుకు కావాల్సిన 2,100 కిలో కేలరీలు సుమారుగా దీంతో వస్తాయి. కందిపప్పు కన్నా పెసరపప్పు మేలు, తక్కువ మంటకే ఉడుకుతుంది. అయితే బియ్యం ప్రభుత్వం ఎలాగూ ఇస్తుంది. 2024 సెప్టెంబరులో విజయవాడ ముంపప్పుడు ఇంటికి 25 కిలోల చొప్పున ఇచ్చారు. మీ రెండు లక్షలు అక్కడ పోయకండి. ఎవరూ ఇవ్వనివి ఇవ్వండి: 4×6 మీటర్ల టార్పాలిన్, 30 మీటర్ల నైలాన్ తాడు, మూతున్న 20 లీటర్ల బకెట్, దోమతెర (ఏజెన్సీలో మలేరియా ఉంది), టార్చి, క్లోరిన్ బిళ్లలు, సబ్బులు, శానిటరీ ప్యాడ్లు. హోల్‌సేల్‌లో కొంటే కిట్ రెండు వేలలోపు ఉంచొచ్చు, వంద ఇళ్లకు వస్తుంది. టార్పాలిన్ కొనేటప్పుడు కంతలకు రింగులు గట్టిగా ఉన్నాయో లేదో లాగి చూడండి. చవకది మొదటి గాలికే అక్కడ చిరుగుతుంది. ప్యాడ్లు నల్ల కవర్లో, స్త్రీల సమాజం వాళ్ల చేతుల మీదుగానే వెళ్లాలి.

క్లోరిన్ బిళ్ల బురద నీళ్లలో వేస్తే పనిచేయదు, దాని బలమంతా బురదే తినేస్తుంది. ముందు నాలుగు మడతల గుడ్డతో వడకట్టాలి, పటిక తిప్పి తేరనివ్వాలి, పైనున్న నీళ్లు వేరే బిందెలోకి వంచి అప్పుడు బిళ్ల వేయాలి. అరగంట ఆగి తాగాలి. అర గ్రాము బిళ్ల మామూలుగా 20 లీటర్లకు సరిపోతుంది, అయినా రకాన్ని బట్టి మారుతుంది కాబట్టి పెట్టె మీద చూసి తెలుగులో పెద్ద అక్షరాలతో చీటీ రాసి అంటించండి. బ్లీచింగ్ పౌడరు వేసవిలో కొని నిల్వ పెడితే ఘాటు పోతుంది, వరదకు ముందే కొనండి.

విరేచనాలకు వాడే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఇస్తే దాంతో లీటరు సీసా కూడా ఇవ్వండి. ప్యాకెట్ మొత్తం ఒక గ్లాసులో కలిపి పిల్లలకు పట్టేస్తారు, ఆ ఉప్పు ప్రమాదం.

పాల పొడి డబ్బాలు, పాల సీసాలు పంచొద్దు. దాతలకు ఇది చాలా ఇష్టం, అందుకే గట్టిగా చెప్తున్నా. కలుషిత నీళ్లూ పాలసీసా కలిస్తే పసిబిడ్డకు విరేచనాలే. తల్లి పాలు ఆపకుండా చూడటం, తల్లికి తిండి పెట్టడం, అంతే. తల్లి లేని బిడ్డ ఉంటే పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) చెప్పండి. ఇక పాత బట్టలు అసలు తీసుకోవద్దు. చివరికి రోడ్డు పక్కన కుప్పలవుతాయి.

గట్టుమీద_మాస్టారు:
సిస్టర్ కిట్ చెప్పేశారు కాబట్టి పంపకం గురించి చెప్తాను. సాయం చెడిపోయేది ఇక్కడే.

భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది, 1986లో 75.6. లోతట్టు రోడ్లు మునిగాక ట్రాక్టరూ పోదు. మొదటి హెచ్చరికకే బండి, డ్రైవరు, సరుకు దించే మెరక చోటు ఖాయమై ఉండాలి. రెండోది వచ్చేలోగా సరుకు అటువైపు చేరిపోవాలి.

జాబితా రేషన్ కార్డుల్ని బట్టి రాయొద్దు, పొయ్యిని బట్టి రాయండి. ఒకే కార్డు మీద మూడు పొయ్యిలుంటాయి. కార్డే లేని వలస కూలీలు, ఇటీవల వచ్చి గుడిసె వేసుకున్నవాళ్లు, ఒంటరి ముసలివాళ్లు జారిపోతారు. అపొస్తలుల కార్యములు 6లో గొడవ వచ్చింది అచ్చంగా దీని గురించే: రోజువారీ పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రను వదిలేశారు. అపొస్తలులు "ఓర్చుకోండి" అని ప్రసంగం చెప్పలేదు. ఏడుగురిని ఏర్పరిచి ఆ పని అప్పగించారు. ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే. అంటే నష్టపోయిన వైపు వాళ్ల చేతికే గిన్నె ఇచ్చారనుకోవచ్చు. మీరూ అలాగే చేయండి. జాబితా రాసేవాళ్లలో కనీసం సగం ఆ ఊరివాళ్లు, అందులోనూ కోయ గుంపుల (కోయ ఆదివాసీల గూడేల) నుంచి, ముస్లిం ఇళ్ల నుంచి, మాలపల్లె, మాదిగపల్లె రెండింటి నుంచీ ఉండాలి. ఒక పల్లె గుడికీ ఇంకో పల్లె గుడికీ పడని చోట్లు మన సంఘాల్లోనే ఉన్నాయి. అక్కడ ఒక పాస్టరుగారికే జాబితా అప్పగిస్తే రెండో పల్లె ఖాళీ చేతులతో మిగులుతుంది.

గుడి ఆవరణలో పంచొద్దు, మిగతావాళ్లు రావడానికి మొహమాటపడతారు. బడి గానీ అంగన్‌వాడీ గానీ మేలు. పెద్ద ఊరైతే రెండు చోట్ల, ఒకే రోజు, ఒకే గంటకు, ఒకే రకం సంచి. ముందు రోజు సాయంత్రం ఇంటింటికీ వెళ్లి నంబరు వేసిన టోకెన్ ఇవ్వండి, సగం ముక్క మీ దగ్గర ఉంచుకోండి. కోయ గుంపుల్లో టైమూ చోటూ కోయ భాషలో చెప్పించండి. గర్భిణులకు, వికలాంగులకు వేరే వరుస. నూటికి పది కిట్లు పక్కన పెట్టండి, జాబితాలో లేని ఇల్లు తప్పకుండా బయటపడుతుంది. బండి మీద నిలబడి సంచులు విసరడం మాత్రం వద్దు, బలమున్నవాడికే అందుతుంది.

ఫొటోల గురించి: సంచి పట్టుకున్న ముసలమ్మను ఫోన్‌కేసి చూడమనొద్దు. లెక్కకు సరుకు కుప్ప ఫొటో, బిల్లులు, టోకెన్ ముక్కల మీద సంతకం లేదా వేలిముద్ర చాలు. సంఘం పేరు దాచక్కర్లేదు. ఏదైనా తేడా వస్తే ఎవరిని అడగాలో జనానికి తెలియాలి కదా. సంచి మీద చిన్నగా పేరు, ఫిర్యాదుకు ఒక ఫోన్ నంబరు.

లెక్కల_పద్దు:
డాలస్ డబ్బు దగ్గర ఆగండి. పంపేవాళ్ల పాస్‌పోర్టు ఏ దేశానిదో ముందు అడగండి. భారత పౌరుడు అక్కడ సంపాదించుకున్నది బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకిచ్చేది) ఉన్నా సరే, పంపితే అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంఘం రూపాయి కూడా తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు కూడా ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే తీసుకోవాలి.

ఇక్కడ అందరూ వెతికే దొడ్డిదారులు రెండు. "మా బంధువు ఖాతాకు పంపండి, ఆయన సంఘానికి ఇస్తాడు" అనేది మొదటిది. బంధువుల మధ్య ఉన్న మినహాయింపు సొంత అవసరాలకే, సంఘం కోసం దాన్ని వాడటం కుదరదు. "రిజిస్ట్రేషన్ ఉన్న వేరే సంస్థకు పంపితే వాళ్లు మనకు బదిలీ చేస్తారు" అనేది రెండోది. 2020 సవరణతో ఆ బదిలీ పూర్తిగా నిషేధం. అమెరికా పౌరులు ఇవ్వాలనుకుంటే, రిజిస్ట్రేషన్ ఉండి అదే ప్రాంతంలో నేరుగా పనిచేసే సంస్థకే ఇవ్వమనండి. మీ చేతుల మీదుగా వెళ్లదు, అంతే.

ఊళ్లో వసూలుకు రసీదు పుస్తకం వేరేగా పెట్టండి. డబ్బు లెక్క ఇద్దరు చూడాలి, ఒకే ఇంటివాళ్లు కాకూడదు. యెరూషలేము కోసం పోగైన కానుకను పౌలు ఒక్కడే మోసుకుపోలేదు. ఎవరూ తప్పు మోపకుండా సంఘాలు ఏర్పరచినవాళ్లను వెంట పెట్టుకున్నాడు, 2 కొరింథీ 8 చదవండి. పంపకం అయిన పదిహేను రోజుల్లో జమాఖర్చు గుడి గోడ మీదే కాదు, ఆ ఊరి పంచాయతీ ఆఫీసు దగ్గర కూడా అంటించండి.

పాల్వంచ_యూత్:
చాలా ఉపయోగం, అందరికీ థాంక్స్. ఒక్కటి మిగిలింది. పంచేటప్పుడు ఎవరైనా వాళ్లంతట వాళ్లే "మా కోసం ప్రార్థన చేయండి" అంటే?

గుండ్లకమ్మ_ఒడ్డు:
అడిగితే చేయండి బ్రదర్, కానీ వరుసలో కాదు. సంచి వాళ్ల ఇంటికి చేరిపోయాక, బండి ఖాళీ అయ్యాక, వాళ్లింటి దగ్గర, గొంతు తగ్గించి. అడగనివాళ్లకు వినపడకూడదు. పంచే జట్టు వేరు, తర్వాత పలకరించడానికి వెళ్లేవాళ్లు వేరు అయితే ఇంకా మంచిది, సంచికీ ప్రార్థనకీ ముడిపడదు. లయన్స్ క్లబ్బు మాట అన్న పెద్దాయన్ను ఆ పలకరించే జట్టులో వేయండి. నీళ్లు తీశాక బురద ఎత్తడానికి పారలు, చీపుళ్లు పట్టుకుని వెళ్లే పని ఉంటుంది, అప్పటికి దాతలెవరూ ఉండరు. ఆయనతో అక్కడ ఒక ఆదివారం మధ్యాహ్నం గడపమనండి.

వార్డ్_సిస్టర్:
మిగిలిన కిట్ల సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. టార్పాలిన్లు, దోమతెరలు ఎలుకలు కొట్టకుండా ఇనప పెట్టెలో పెడితే వచ్చే ఏడాదికి ఉంటాయి. క్లోరిన్ బిళ్లలకు, ఓఆర్‌ఎస్‌కు గడువు తేదీ ఉంటుంది, నిల్వ పెట్టకుండా పీహెచ్‌సీకి ఇచ్చేయండి.