నెట్‌మికోతోనే సాగించాలా, యాన్సిబుల్‌కో నోర్నిర్‌కో మారాలా?

అందరికీ నమస్కారం. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను, నెట్‌వర్క్ ఇంజినీర్‌ని. ఇన్నేళ్లూ కమాండ్ లైన్ మీదే బతికాను, పైథాన్ ఈమధ్యే పట్టుకున్నాను. పైన చెప్పిన మూడూ స్విచ్‌ల పనిని చేత్తో కాకుండా ప్రోగ్రామ్‌తో చేయించే టూల్సే.

మా బ్రాంచి స్విచ్‌లలో సగం పాతవి. వాటికి నెట్‌కాన్ఫ్ (ప్రోగ్రామ్‌తో సెట్టింగులు మార్చే ప్రోటోకాల్) లేదు, ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయి కమాండ్లు కొట్టడం) ఒక్కటే దారి. నెట్‌మికోతో స్క్రిప్టు రాసి రోజూ కాన్ఫిగ్ (స్విచ్ సెట్టింగుల) బ్యాకప్ తీస్తున్నాను, అది బాగానే నడుస్తోంది. చిక్కంతా మార్పులు పంపడంలో. వీలాన్ (ఒకే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్) మార్పు సగం స్విచ్‌లకి వెళ్లాక మధ్యలో ఒకటి పలకకపోతే? కొత్తవాటిలో క్యాండిడేట్ కాన్ఫిగ్ (కమిట్ చేసేదాకా అమలుకాని చిత్తుప్రతి) ఉంది కాబట్టి కమిట్ చేయకుండా వదిలేయొచ్చు. పాతవాటిలో కొట్టిన ప్రతి లైనూ అప్పటికప్పుడే అమల్లోకి వచ్చేస్తుంది. ఇలాంటి కలగూరగంప నెట్‌వర్క్‌లో రోల్‌బ్యాక్ (మార్పు వెనక్కి తీసి పాత స్థితికి తేవడం) మీరెలా చేస్తున్నారు?

యాన్సిబుల్‌కి స్విచ్‌లో ఏజెంట్ (విడిగా వేసే సాఫ్ట్‌వేర్) అక్కర్లేదు, నిజమే. కానీ లూపులూ షరతులూ యామల్‌లో (సెట్టింగులు రాసే టెక్స్ట్ ఫార్మాట్) రాయాలంటే నాకు చిరాకు. నోర్నిర్ అయితే అంతా పైథానే, కాకపోతే మా టీమ్‌లో అది చదవగలిగేవాళ్లు తక్కువ. వీడియోలు చూసి కాదు, ప్రొడక్షన్‌లో వాడినవాళ్లు చెప్పండి.

ఇంకోటి, నా సీసీఎన్‌పీ (సిస్కో సర్టిఫికెట్) గడువు దగ్గరపడింది. మళ్లీ కోర్ పరీక్ష రాయడం మేలా, 80 సీఈ (కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్) క్రెడిట్లు కూడబెట్టడమా? షిఫ్టులు, ఔటర్ రింగ్ రోడ్ ట్రాఫిక్ పోగా చదువుకి మిగిలేది కొంచెమే. ఇంట్లో ప్రాక్టీసుకి కంటైనర్‌ల్యాబ్ (కంప్యూటర్‌లోనే నమూనా నెట్‌వర్క్ కట్టే టూల్) పెడదామనుకుంటున్నా, 16 జీబీ ర్యామ్ సరిపోతుందా?

వైట్‌ఫీల్డ్ వైపు వారాంతాల్లో కలిసి ల్యాబ్ చేసే తెలుగువాళ్లుంటే చెప్పండి, నేనూ వస్తాను.