సమస్య: "మందులమ్ము కొట్టు మనువు గూర్చె"

నిర్వాహకుడు: పాత మూకీల గురించి చదువుతుంటే తట్టిన పాదం ఇది. విన్చెల్ స్మిత్ 1909 నాటి అమెరికా నాటకం 'ది ఫార్చ్యూన్ హంటర్'. చేతిలో కాసు లేని కుర్రాడు డబ్బున్న పిల్లను కట్టుకుందామని చిన్న ఊరు చేరి, ఈగలు తోలుకుంటున్న మందుల కొట్టులో పనికి కుదురుతాడు (అప్పటి అమెరికా మందుల కొట్లలో సోడా కూడా అమ్మేవారు). కొట్టు నిలబడుతుంది, కొట్టాయన కూతురి మీద మనసు పడుతుంది. 1914, 1920, 1927లో మూకీగా తీశారు. చివరిదాంట్లో చాప్లిన్ అన్న సిడ్ హీరో. ఈ పాదమే చివరిదిగా పద్యం చెప్పాలి, కానివ్వండి.

కడప కందం:
ధనము కొఱకు వచ్చి దమ్మిడీ యొల్లక
దుమ్ము దులిపి సోడ తోడి యిచ్చె
పిల్ల నవ్వు చాలు పెన్నిధి యేలన
మందులమ్ము కొట్టు మనువు గూర్చె

గోదారి గట్టు:
మూకి బొమ్మ గనుడు మోములె భాషలు
సోడా పొంగి పొరలె చూపు కలిసె
వలపు తెలుపుటకును వాక్కేల వారికి
మందులమ్ము కొట్టు మనువు గూర్చె

నిర్వాహకుడు: గట్టుగారూ, మూడో పాదం మనసుకు హత్తుకుంది. రెండో పాదం మొదటి గణం (గురులఘువుల గుంపు) చూసుకోండి.

కడప కందం: పై పాదంలో మూకీని 'మూకి' చేసినవారు సోడాకి దీర్ఘం ఎందుకు వదిలేశారండీ? మొన్న నేను 'కాఫి' అంటే అన్యదేశ్యాన్ని (పరభాషా పదాన్ని) కుదించకూడదన్నది తమరే.

పూలబాణం:
సిరుల వేట కేగు చిన్నవాని యెదను
విరుల విల్లు వంచి వేడ్క మీఱ
మరుడు సోడ నురుగు మాటున గురిజూచి
మందులమ్ము కొట్టు, మనువు గూర్చె

నిర్వాహకుడు: అమ్ముని మన్మథుడి బాణం చేశారు! మందుల + అమ్ము. కొట్టు అంగడి కాదు, క్రియ. వేటకొచ్చినవాడే వేటయ్యాడు. నాకు తోచని విరుపు ఇది.

కడప కందం: విరుపు ఒప్పుకుంటాను తల్లీ. కానీ మరుడు 'కొట్టు' తద్ధర్మం (ఎప్పుడూ చేసే పనిని చెప్పే క్రియ), 'గూర్చె' భూతం (జరిగిపోయిన పని). రెండూ ఒక్క ఊపిరిలో నాకు పొసగలేదు. ఒక్క బాణానికి 'మందులు' బహువచనమూ ఎందుకు?

పూలబాణం: బాబాయ్‌గారూ, మన్మథుడి బాణాలు అయిదు: ఉన్మాదనం, తాపనం, శోషణం, స్తంభనం, సమ్మోహనం. అయిదు మందులూ ఒక్క అమ్ముకే పూశాడనుకున్నాను. కాలం సంగతి మీరన్నదే నిజం, మళ్లీ చూస్తాను.

గోదారి గట్టు: 'సోడ పొంగి' అని దిద్దుకున్నాను. 'కాఫి' మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. ఆ పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జత) కూడా తప్పింది.

కడప కందం: తప్పలేదు, ప్రాసయతి (మొదటి అక్షరానికి బదులు రెండో అక్షరం కలపడం) వేశాను. మళ్లీ చదవండి.